పట్టి వదిలేస్తే సరిపోతుందా?

"వదిలేశాడు కదన్నా, ఇంక తప్పేముంది?" అని అడిగాడు ఒక తమ్ముడు. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు టౌన్స్‌విల్‌లో ఉన్న మా తెలుగువాళ్లలో కొత్తగా గాలం వేటకు అలవాటుపడిన కుర్రాడు. అతను చూపించిన వీడియోలో మీటరు పొడుగు పండుగప్ప ఒకటి పడవ పక్కన నీళ్లు చిమ్ముతోంది. పట్టినవాడు దాన్ని దవడ పట్టుకుని పైకెత్తి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలాడు. చూసినవాళ్లంతా తెగ మెచ్చుకున్నారు. అది డిసెంబరు నెల. ఇక్కడ క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో నవంబరు 1 మధ్యాహ్నం 12 గంటల నుంచి ఫిబ్రవరి 1 మధ్యాహ్నం 12 గంటల దాకా పండుగప్ప వేట బంద్. వండుకోవడానికే కాదు, పట్టి వదిలేయడానికి కూడా కావాలని దాని వెంట పడకూడదు. వేరే చేప కోసం వేసిన గాలానికి అనుకోకుండా పడితే వెంటనే వదిలేయాలి.

"చట్టం ఒప్పుకోదు" అని ఆ రోజు చెప్పాను. అది నిజమే కానీ, అతను అడిగింది చట్టం గురించి కాదు. తప్పేమిటని అడిగాడు. దానికి జవాబు ఇంకా పొడుగ్గా చెప్పాలి.

నా మాట ఇది. సరదా కోసం చేపలు పట్టేవాళ్లం, చేప గుడ్లు పెట్టే నెలల్లో అందరికంటే ముందు ఆగాల్సినవాళ్లం. వలవాడి కంటే ముందు, పొట్టకూటికి పట్టుకునేవాడి కంటే ముందు. ఆగడమంటే పట్టినదాన్ని వదిలేయడం కాదు, అసలు గాలం వేయకపోవడం.

మొగ దగ్గర ఏం జరుగుతుంది

పండుగప్ప మనకు కొత్త కాదు. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే మొగల్లో, కొల్లేరు ఉప్పుటేరులో, పులికాట్‌లో, కోరింగ మడ అడవుల్లో దొరికే చేపే ఇక్కడ ఉత్తర ఆస్ట్రేలియా అంతటా బారమండి. ఇక్కడి గాలం వేటగాళ్లకు దీన్ని మించిన చేప లేదు. కొక్కెం తగలగానే నీళ్లలోంచి ఎగిరి తల విదిలించే ఆ క్షణం కోసం సిడ్నీ, మెల్‌బోర్న్‌ల నుంచి జనం విమానాలెక్కి వస్తారు. నార్తర్న్ టెరిటరీలో అయితే 2015 నుంచి ఏటా ట్యాగులు కట్టిన చేపల్ని నదుల్లో వదిలి, పట్టినవాళ్లకు బహుమతులిచ్చే పోటీ నడుస్తోంది. పెద్ద బహుమతి పది లక్షల డాలర్లు.

ఈ చేప బతుకంతా వాన చుట్టూనే తిరుగుతుంది. వానలకు ముందు ఎండలు మండి నీళ్లు వేడెక్కే రోజుల్లో పెద్ద చేపలు నదుల్లోంచి కిందికి దిగి ఉప్పునీటి మొగల దగ్గరికి చేరతాయి. అమావాస్యకు, పున్నమికి పోటు బాగా ఉన్న రాత్రుల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ పోటు నీటితో పాటే తీరం వెంట ఉన్న చిత్తడి నేలల్లోకి, మడ కాలువల్లోకి వెళ్లి, వానలు ముదిరాక ఇంకా లోపలికి, మంచినీటిలోకి ఎక్కుతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరద తీసేటప్పుడు ఆ నీళ్లతో చిన్న చేపలు, రొయ్యలు కాలువల్లోకి జారివస్తుంటే, పెద్దవి కాలువ నోళ్ల దగ్గర కాచుకుని ఉంటాయి. బురదనీరు, తేటనీరు కలిసే గీత మీద ఎర పడాలి. గాలం వేటగాళ్లకు ఏడాదిలో అసలైన పండగ అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పండుగప్పలు దాదాపు అన్నీ మగవిగానే పెద్దవుతాయి. అయిదారేళ్లు బతికి, ఎనభై, తొంభై సెంటీమీటర్లు దాటాక ఆడవిగా మారతాయి. అంటే మీటరు పొడుగు పండుగప్ప చేతికందిందంటే అది దాదాపు ఖాయంగా ఆడదే. ఎన్ని వలలు, ఎన్ని మొసళ్లు, ఎన్ని ఎండిపోయిన మడుగులు దాటుకుని అక్కడిదాకా వచ్చిందో. పెద్ద చేప ఒక్కటే కోటికి పైగా గుడ్లు పెట్టగలదు. అందుకే ఇక్కడి నియమానికి రెండు కొసలున్నాయి. 58 సెంటీమీటర్ల లోపుది తీసుకోకూడదు, 120 దాటినదాన్నీ తీసుకోకూడదు. చిన్నదాన్ని వదలమంటే ఎవరికైనా అర్థమవుతుంది. బాగా పెద్దదాన్ని కూడా వదలమనడం నాకు మొదట వింతగా తోచింది. దాని వయసు, దాని కడుపు గురించి తెలిశాక మాత్రం ఆ రెండో కొసే ఎక్కువ విలువైనదనిపిస్తోంది.

వదిలేసిన చేప సంగతి

ఇక ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. పట్టి వదిలేయడాన్ని నేను తీసిపారేయను. మామూలు నెలల్లో నేనూ చేసేది అదే. ముల్లు నొక్కేసిన కొక్కెం, దారం ముడి లేని మెత్తటి వల, చేపను నీళ్లలోంచి పూర్తిగా తీయకుండా కొక్కెం విప్పడం, తీస్తే రెండు చేతులతో అడ్డంగా పట్టుకోవడం. ఇవన్నీ పాటిస్తే చాలా చేపలు బతుకుతాయి. పండుగప్ప గట్టి చేప కూడా.

కానీ వదిలేసిన చేప బతకడం ఒక ప్రశ్న, ఆ రాత్రి గుడ్లు పెట్టడం ఇంకో ప్రశ్న. వాదనంతా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. నిషేధం పెట్టింది రెండోదాని కోసం. ముప్పై డిగ్రీల నీళ్లలో ప్రాణవాయువే తక్కువ. అందులో పది నిమిషాలు గుంజులాడి, ఒంట్లో శక్తంతా ఖర్చయిపోయి, గాలిలో దవడ మీద వేలాడిన చేప నీళ్లలోకి వెళ్లగానే తోక ఊపుతుంది. మనకు తృప్తిగా ఉంటుంది. ఆ ఊపు చూసి అది మళ్లీ గుంపులోకి చేరి, పోటు వేళకు సిద్ధంగా ఉంటుందని ఎవరు చెప్పగలరు? బాగా బెదిరిన చేపలకు గుడ్లు పెట్టే పని వెనకబడుతుందని చేపపిల్లల్ని పుట్టించే హేచరీల్లో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు. అందుకే వాళ్లు తల్లిచేపల తొట్టె దగ్గర గట్టిగా అడుగు కూడా వేయరు. హించిన్‌బ్రూక్ ఛానెల్ లాంటి చోట్ల ఇంకో బాధ ఉంది. అలసిపోయి నీళ్లలో తూలుతున్న చేప కోసం సొరలు, మొసళ్లు ఎదురుచూస్తుంటాయి. వాటి నోట పడినది ఏ లెక్కలోకీ రాదు.

దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయడం గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ఇరవై కిలోల శరీరం బరువంతా ఆ దవడ కీలు మీద, వెన్ను మీద పడుతుంది. బయటికి గాయం కనిపించదు. ఫొటోకి బాగుంటుందని ప్రతివాళ్లూ అలాగే ఎత్తుతారు. ఈ అలవాటు మాత్రం ఏ నెలలోనైనా మానాల్సిందే.

"ఒక్క గాలం ఎంత పడుతుంది?"

ఇది ఎప్పుడూ వినే మాట. వల ఒక్క రాత్రిలో లాగేదాన్ని గాలం ఏడాదంతా పట్టదంటారు. ఒక్క గాలానికయితే నిజమే. కానీ 2019–20లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం చేసిన సర్వేలో ఏడాదిలో ఒక్కసారైనా సరదాగా చేపలు పట్టినవాళ్లు తొమ్మిది లక్షల పైచిలుకు తేలారు. అందరూ పండుగప్ప వెంట పడరు, నిజమే. అయినా అది చిన్న సంఖ్య కాదు. పైగా సముద్రంలో, పోటు వచ్చే ఏటి నీళ్లలో గాలం వేయడానికి ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదు. దానికి తోడు ఇప్పటి పడవలకు చేపల్ని తెరమీద ఒక్కొక్కటిగా చూపించే సోనార్లు ఉన్నాయి. చెట్టు మొద్దు కింద నిలబడ్డ చేప మూతి ఎటు ఉందో కూడా కనిపిస్తుంది. దాని ముందు ఎర వేసి, తినకపోతే ఎర మార్చి, మళ్లీ వేస్తారు. "ఒక్క గాలం" అనే మాట ఆ తెర రాని రోజులది.

అసలు నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే. 2015 నవంబరులో కెయిర్న్స్, మెకై, రాక్‌హాంప్టన్ దగ్గర మూడు చోట్ల వాణిజ్య వలల్ని పూర్తిగా ఆపేశారు. గాలం వేటగాళ్లు ఎన్నాళ్లుగానో కోరుతున్నదే. 2023లో గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బల పొడుగునా గిల్‌నెట్లను, అంటే చేప మొప్పల దగ్గర చిక్కుకునే వలల్ని, 2027 నాటికి తీసేస్తామని ప్రకటించారు. దుగాంగులు (సముద్రపు ఆవులు), తాబేళ్లు చిక్కుకుంటున్నాయన్నది ప్రధాన కారణం, మంచి కారణమే. కానీ దాంతో తరతరాలుగా వల మీద బతికిన కుటుంబాలు ఆ పని వదిలేశాయి. బవెన్ దగ్గర అలా లైసెన్సు వెనక్కిచ్చేసిన ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఆయన కోపంగా లేడు. "చేపకు మంచిదంటే మానేశాను. ఇప్పుడు మీ వంతు" అన్నాడు. వలవాణ్ణి పక్కకు తప్పించి ఆ నీళ్లను మనం తీసుకున్నాక, మూడు నెలలు చేతులు కట్టుకోవడానికి కూడా మనసొప్పకపోతే ఆయనకు ఏ ముఖం చూపించాలి?

ఒక మినహాయింపు మాత్రం న్యాయమైనది. తమ సంప్రదాయం ప్రకారం ఇంటి తిండికోసం పట్టుకునే ఆదివాసులకు చట్టంలో వేరే చోటు ఉంది. వాళ్లకుంది కాబట్టి మాకూ ఉండాలనే వాదన విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. నార్తర్న్ టెరిటరీలో 2008 బ్లూ మడ్ బే తీర్పుతో, ఆదివాసుల భూమిని ఆనుకుని పోటుపాట్ల మధ్య ఉండే నీళ్లలోకి ఎవరు రావాలో చెప్పే హక్కు వాళ్లదేనని హైకోర్టు తేల్చింది. హైకోర్టంటే ఇక్కడ అత్యున్నత న్యాయస్థానం. వేల ఏళ్లుగా ఆ మొగ మీద బతుకుతున్నవాళ్లకూ, శనివారం ట్రైలరు మీద పడవ తెచ్చుకునే నాకూ ఒకే కొలత పెట్టమనడం సమానత్వం కాదు.

నాకున్న అనుమానాలు

ఈ నిషేధం లోపం లేనిదని నేననను. పండుగప్పలు క్యాలెండరు చూసి గుడ్లు పెట్టవు. కొన్నేళ్లు సెప్టెంబరులోనే మొదలెడతాయి, కొన్నేళ్లు మార్చి దాకా సాగుతుంది. ఫిబ్రవరి 1న నిషేధం ఎత్తేసే రోజుకు మొగల దగ్గర ఇంకా పెద్ద ఆడచేపలు ఉండొచ్చు. మధ్యాహ్నం 12 కాగానే గాలాలన్నీ ఒక్కసారిగా పడతాయి. ఆ రోజు హాటన్ నది పడవ రేవు దగ్గర ట్రైలర్ల వరస రోడ్డుదాకా ఉంటుంది. మూడు నెలలు కాపాడినదాంట్లో ఆ మొదటి వారం ఎంత పోతుందో అనే బెంగ నాకు ప్రతి ఏడూ ఉంటుంది. నార్తర్న్ టెరిటరీ పద్ధతి వేరు. అక్కడ తీరమంతా మూసేయరు. మేరీ, డేలీ నదుల్లో ముఖ్యమైన భాగాల్ని మాత్రం అక్టోబరు నుంచి జనవరి చివరిదాకా మూస్తారు. చోటు చూసి మూయడం మేలా, నెల చూసి మూయడం మేలా అనేది నాకింకా తేలని విషయం. రెండూ కలిస్తే బాగుంటుందేమో.

మాగ చేప సంగతి ఇంకో చిక్కు. అదీ ఆ మొగల దగ్గరే తిరుగుతుంది, అదే ఎర తింటుంది, అదీ మగగా పుట్టి ఆడగా మారేదే. తూర్పు తీరంలో దానికి పండుగప్పలా మూడు నెలల విరామం లేదు. కాబట్టి డిసెంబరు పున్నమికి మొగ దగ్గర బొంత చేపపిల్లను ఎరగా వేసి కూర్చున్నవాణ్ణి అడిగితే, మాగ కోసమంటాడు. అబద్ధమని ఏ అధికారీ నిరూపించలేడు. చట్టానికి ఇక్కడ చెయ్యి అందదు. ఆ నెలల్లో మొగ దగ్గర ఎర వేస్తే మాగ కంటే పండుగప్పే పడే వీలెక్కువని వేసేవాడికి మాత్రం బాగా తెలుసు. అందుకే నవంబరు నుంచి నేను మొగల వైపు పోను. రాళ్ల దగ్గర వేరే చేపలున్నాయి. మరీ పండుగప్పే కావాలంటే పిల్లల్ని పెంచి వదిలిన టినారూ లాంటి జలాశయాలున్నాయి. పర్మిట్ తీసుకుని అక్కడికి వెళ్లొచ్చు. ఆ చేపలకు ఉప్పునీటికి దారి లేదు, అక్కడ గుడ్లు పెట్టి సంతతి పెంచలేవు. కాబట్టి అక్కడ ఈ మూడు నెలల బెంగ లేదు.

జనాన్ని కిరాయికి వేటకు తీసుకెళ్లే చార్టర్ పడవలవాళ్ల జీవనోపాధి మాటేమిటని అడగొచ్చు. అడగాల్సిందే. కానీ ఆ నెలల్లో ఎలాగూ తుపాన్ల భయం, నీళ్లలో జెల్లీఫిష్, ఊపిరాడని ఉక్క. ఆ రోజుల్లో వచ్చేవాళ్లు తక్కువే. వాళ్ల అసలు సంపాదన వరద తీసే నెలల్లో. ఆ నెలల్లో చేప ఉండాలంటే ఈ నెలల్లో గుడ్డు పడాలి.

మన తీరానికి వస్తే

మాది అంతర్వేది వైపు. పోయినేడు ఇంటికి వెళ్లినప్పుడు చూస్తే, ఖరీదైన రాడ్లు, రీళ్లు పట్టుకుని హైదరాబాదు నుంచి కుర్రాళ్లు వస్తున్నారు. విశాఖ రాళ్ల మీద, కాకినాడ దగ్గర ఇదివరకే ఉంది, ఇప్పుడు మా మొగ దాకా వచ్చింది. నాకు సంతోషంగానే అనిపించింది. చేప అంటే కూర మాత్రమే అనుకునే మనవాళ్లు, పాటు ఎప్పుడు తీస్తుందో, నీటి రంగు ఎందుకు మారిందో అడుగుతున్నారు.

అయితే మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. అప్పుడు ఇంజను పడవలన్నీ రేవుల్లో కట్టేసి ఉంటాయి. 2015కు ముందు అది 47 రోజులే. మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పదివేలయింది, 2025లో ఇరవై వేలు చేశారు. రెండు నెలలు సంపాదన లేని ఇంటికి అది సరిపోదని ఆ ఇళ్లలో కూర్చుంటే తెలుస్తుంది. ఆ నిషేధం పడవల్ని ఉద్దేశించి పెట్టింది. రాళ్ల మీద, జెట్టీ మీద నిలబడి గాలం వేసే సరదా వేటగాడి పేరు అందులో లేదు. పండుగప్పకు ఇంతకంటే పెద్దది తీసుకోవద్దనే పై కొలతా లేదు. మేలో మా రేవులో పడవల పక్కన కూర్చుని వలలు అల్లుకుంటున్నవాళ్ల ముందునుంచి నాలుగు రాడ్లు భుజాన వేసుకుని కుర్రాళ్లు మొగకు నడిచి వెళ్లారు. వాళ్లు ఏ నియమమూ మీరలేదు. వలలు అల్లేవాళ్లు కూడా ఏమీ అనలేదు. కానీ తిండికోసం పట్టేవాణ్ణి ఆపి, సరదాకు పట్టేవాణ్ణి వదిలేసే ఏర్పాటు నాకు తలకిందులుగా కనిపిస్తోంది.

పులస విషయం ఎత్తితే గొడవవుతుందని తెలుసు. వరదకు ఎదురీదుతూ, కడుపు నిండా గుడ్లతో గోదావరి ఎక్కే చేపను సరిగ్గా అప్పుడే పట్టి వేలకు వేలు పోసి కొంటాం. అదే జాతి చేపకు బంగ్లాదేశ్‌లో అక్టోబరులో గుడ్లు పెట్టే వేళ 22 రోజులు పూర్తిగా నిషేధం పెడతారు, ఆ తర్వాత పిల్లల్ని పట్టకుండా ఇంకొన్ని నెలలు కాపలా కాస్తారు. అయినా నేను పులస వలవాడితో మొదలుపెట్టను. అతనికి ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్లబడేది ఆ కొద్ది వారాల్లోనే. భృతి, ప్రత్యామ్నాయం మాట్లాడకుండా అతన్ని ఆగమనే హక్కు నాకు లేదు. నాతో, నాలాగా రీలు కొన్నవాళ్లతో మొదలుపెడతాను. మనం ఆగితే ఏ ఇంట్లోనూ పొయ్యి ఆగదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆ 61 రోజులూ గాలం సరదాకు పడవలు అద్దెకివ్వకూడదు. నది మొగల నుంచి, కోరింగ లాంటి మడ కాలువల నోళ్ల నుంచి రాడ్లు కూడా దూరంగా ఉండాలి. మీటరు దాటిన పండుగప్పను ఏ నెలలోనైనా సరదా వేటగాడు నీళ్లలోనే ఉంచి కొక్కెం విప్పేయాలి. మన తీరంలో పండుగప్ప గుడ్లు పెట్టే కాలం ఈ 61 రోజులతో పూర్తిగా కలవదు, వానాకాలంలోకి కూడా సాగుతుంది. కాబట్టి మన మొగలకు సరిపోయే నెలలేవో మన మత్స్యశాఖవాళ్లు, మన మత్స్యకారులు కలిసి తేల్చాలి. క్వీన్స్‌లాండ్ తేదీల్ని తీసుకొచ్చి అంతర్వేదిలో అతికిస్తే కుదరదు.

ఇదంతా మా బావమరిది వరస అతనితో అన్నాను. పడవ నడుపుతాడు, ఈమధ్య గాలం కుర్రాళ్లను తీసుకెళ్లి నాలుగు రూపాయలు చూస్తున్నాడు. ఓపికగా విని, "మీరు చెప్పింది బానే ఉంది బావగారూ. కానీ నేను రానంటే వాళ్లు పక్క పడవెక్కుతారండి. చేపా పోతుంది, నా కిరాయీ పోతుంది" అన్నాడు. అతని మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఒక్కడి మంచితనం మీద వదిలేస్తే నష్టపోయేది ఆ మంచివాడే. అందుకే ఇది ఎవరికి వాళ్లు పాటించే నీతిగా కాకుండా, పక్క పడవకూ వర్తించే నియమంగా రావాలంటున్నాను. "అలాగైతే నాకేం అభ్యంతరం లేదండి, అందరికీ ఒకటే కదా" అన్నాడు అతను. పడవల సంఘం మీటింగులో ఈ మాట పెడతానన్నాడు. ఈసారి వెళ్లినప్పుడు నేనూ ఆ మీటింగులో కూర్చుంటాను.